వీధి మొదట్లో ఈల

జనవరి 9

పిడుగుకి,

మామయ్య ఆశీస్సులు. ఈ పేరుతో నిన్ను పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి ఉత్తరం ఎవరిదో మొదటి మాటలోనే తెలిసిపోయి ఉంటుంది. చించేయకుండా చివరిదాకా చదువు.

ఇరవై నాలుగేళ్ల తర్వాత నీ ఆచూకీ నాకు కుర్చీల వల్ల తెలిసింది. మీ పక్షుల సంరక్షణ కేంద్రం ఆఫీసు నుంచి ఆరు పేము కుర్చీలు అడుగులు ఊడి నా కొట్టుకి అల్లికకి వచ్చాయి. తెచ్చిన వ్యాను డ్రైవరు మంచి మాటకారి. నా చిలుకని చూసి, ఇలాంటివి తమ దగ్గర నలభై దాకా ఉన్నాయనీ, వాటిని చూసుకునే అమ్మాయి కోప్పడితే పక్షులే కాదు, ఆఫీసరు కూడా నోరు మూసుకుంటాడనీ చెప్పాడు. పేరు అడిగాను. నీ పేరే. ఇంటిపేరు కూడా అడిగి రూఢి చేసుకున్నాను.

ఇక అసలు సంగతి. నా దగ్గర ఇరవై రెండేళ్లుగా ఒక పంచవన్నెల చిలుక ఉంది. నీలం రెక్కలు, పసుపు పొట్ట, మూరెడు తోక. కుర్చీలు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన ఊరు వదిలి వెళ్తూ దాన్ని నా కొట్టులో వదిలిపోయాడు. నేను అల్లుతుంటే వాడు కుర్చీ వీపు మీద కూర్చుని చూస్తుంటాడు. పట్టీ ఎక్కడైనా వదులైతే ముక్కుతో లాగి పడేస్తాడు, మళ్లీ మొదటి నుంచి అల్లాల్సిందే. అందుకే మేస్త్రీ అని పేరు పెట్టాను.

ఆరు నెలలుగా నాకు ఆయాసం. రెక్కల నుంచి రాలే పొడి నా ఊపిరితిత్తుల్లో చేరిందనీ, చిలుక ఉంటే నేను ఉండననీ ఛాతీ డాక్టరు తేల్చి చెప్పాడు. ఎవరికివ్వాలో తెలియక నెల రోజులు తల పట్టుకున్నాను. ఇప్పుడు అదే వ్యానులో, అల్లిన కుర్చీలతో పాటు నీ దగ్గరికి పంపుతున్నాను. వాడికి గొడుగంటే భయం. స్నానానికి బ్రష్షు తడిపి చిలకరిస్తే చాలు. సాయంత్రం పూట ఎవరో ఒకరు పలకరించాలి, లేకపోతే అలుగుతాడు.

వచ్చే నెల రెండో ఆదివారం చూడ్డానికి వస్తాను. వాణ్ణీ, నువ్వు సరేనంటే నిన్నూ.

మీ అమ్మ తమ్ముడు,
మామయ్య

జనవరి 20

మామయ్య గారికి,

నమస్కారాలు. మీరు పంపిన చిలుక క్షేమంగా చేరింది. ఇక్కడ దాని నంబరు నలభై మూడు. తూకం తొమ్మిది వందల ఎనభై గ్రాములు. ఛాతీ మీద ఈకలు తనే పీక్కుంది, అరచేతి మేర చర్మం కనపడుతోంది. కొత్తగా వచ్చిన పక్షిని నలభై రోజులు విడిగా ఒక గదిలో ఉంచుతాం. ఆ తర్వాత పెద్ద వల పందిట్లోకి, తోటి పక్షుల మధ్యకి వదులుతాం.

మీరు ఆదివారం వస్తానని రాశారు. రావడానికి వీల్లేదు. పెంచినవాళ్లు ఏడాది పాటు పక్షికి కనపడకూడదు, గొంతు కూడా వినపడకూడదు. ఇది ఇక్కడి నియమం. మనుషుల మధ్య పెరిగిన చిలుక తనూ మనిషినే అనుకుంటుంది, పక్కన ఉన్న చిలుకని కన్నెత్తి చూడదు. పాత మనిషి ఒక్కసారి కనపడితే చాలు, మళ్లీ ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తూ ఈకలు పీక్కుంటుంది. నిరుడు ఒకావిడ బతిమాలి లోపలికి వచ్చి వెళ్లింది. ఆవిడ చిలుక ఛాతీ రక్తం కారేదాకా పీక్కుంది.

ఇంకొక మాట. మొన్న సాయంత్రం గిన్నెలు మార్చడానికి వెళ్తే మీ మేస్త్రీ ఈల వేసింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. నా చేతిలో బొప్పాయి ముక్కల గిన్నె జారిపడింది. వీధి మొదట్లో నిలబడి నన్ను పిలవడానికి మీరు వేసే ఈల అది. దాన్ని చిలుకకి నేర్పుతారని నేను అనుకోలేదు.

ఉంటాను.

ఫిబ్రవరి 3

పిడుగుకి,

నీ ఉత్తరం నిండా ‘మీరు’ ఉంది. నా వీపెక్కి కొట్టంతా తిరిగిన పిల్లవి. సరే, పెద్ద ఉద్యోగం చేస్తున్నావు, అలాగే కానీ.

ఏడాది అన్నావు. నియమం మీ కేంద్రానిదో నీదో నేను అడగను. రావద్దని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఉండదు. నాకు అరవై మూడేళ్లు, రెండు మెట్లెక్కితే మూడోదాని మీద కూర్చుంటున్నాను. ఏడాదంటే మాటలు కాదు.

ఈల నేను నేర్పలేదు. నువ్వు వెళ్లాక కూడా సాయంత్రం కొట్టు సర్దే వేళకి నోరు ఊరుకునేది కాదు, ఈల వేసేవాణ్ణి. రెండేళ్లు అలా గోడలకే వేశాను. మేస్త్రీ వచ్చిన మూడో నెలలో ఒకరోజు తిరిగి జవాబొచ్చింది. చేతిలో పని పడేసి వీధిలోకి వెళ్లి చూశాను. ఎవరూ లేరు. లోపలికొస్తే వాడు తల ఒక పక్కకి వంచి నన్నే చూస్తున్నాడు. అంతే జరిగింది.

దీంతో పాటు పేముతో అల్లిన చక్రం ఒకటి పంపుతున్నాను. వాడి గదిలో వేలాడదీయి. మనిషిని రానివ్వకపోయినా పేముని రానిస్తారనుకుంటాను.

మామయ్య

మార్చి 16

మామయ్య గారికి,

చక్రం పందిట్లో వేలాడదీశాను. ఇక్కడి పక్షుల డాక్టరమ్మకి చెప్పకుండా తప్పు చేశాను, ఇప్పుడు అనుభవిస్తున్నాను.

పందిట్లోకి వదిలిన రోజు నుంచి నలభై మూడు ఆ చక్రంలోకి ఎక్కి కూర్చుంది. తొమ్మిది రోజులు దిగలేదు. తిండి గిన్నె కింద పెడితే దిగదు, చక్రం దగ్గరికి తీసుకెళ్తే నాలుగు గింజలు తింటుంది. అల్లిక మీద ముక్కు ఆనించి గేటు వైపు చూస్తుంది. పదకొండు నంబరు చిలుక ఒకటి ఉంది, సాధుజీవి. అది రోజూ పక్క కొమ్మ మీదకి వచ్చి కూర్చుని, పలకరింపు లేక వెళ్లిపోతోంది. తూకం ఎనిమిది వందల నలభైకి పడింది. మళ్లీ ఈకలు పీక్కుంటోంది. డాక్టరమ్మ చక్రం ఎక్కడిదని అడిగితే అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడ నన్ను అందరి ముందూ చివాట్లు పెట్టి చక్రం తీయించింది.

దయచేసి ఇంకేమీ పంపకండి. దానికి బతకడం నేర్పుదామని మేం చూస్తుంటే మీరు దాన్ని గేటు వైపు తిప్పి కూర్చోబెడుతున్నారు. వదిలేశాక వదిలేయండి. మీకు చేతకాని పనేం కాదు. నన్ను నాన్నకి అప్పగించాక మూడుసార్లు వచ్చారు. నాలుగోసారి లేదు. నాకప్పుడు ఏడేళ్లు. ఎందుకు మానేశారో ఇన్నేళ్లలో ఒక్క ముక్క రాశారా? ఇప్పుడు చిలుక కోసం మూడు పేజీలు రాస్తున్నారు.

రాసి చించేద్దామనుకున్నాను. చించడం లేదు.

మార్చి 24

పిడుగుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే ఈ ఉత్తరం నేను ఇదివరకే ఒకసారి చదివాను. అది మీ నాన్న రాశాడు.

మీ అమ్మ పోయేనాటికి నీకు మూడేళ్లు. బావది ఊరూరా తిరిగే ఉద్యోగం కాబట్టి నిన్ను నా దగ్గర వదిలాడు. నాలుగేళ్లకి మళ్లీ పెళ్లి చేసుకుని, ఇల్లు కుదుర్చుకుని తీసుకెళ్లాడు. అది న్యాయమే. నేను మూడుసార్లు చూడ్డానికి వచ్చాను. నాలుగోసారి రావడానికి వారం ముందు నీకోసం ఒక చిన్న పేము కుర్చీ అల్లి పంపాను. దానికి జవాబుగా బావ రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

‘పిల్ల ఆ కుర్చీ వీధిగుమ్మంలో వేసుకుని పొద్దస్తమానం కూర్చుంటోంది. అన్నం అందులోనే తింటోంది, వాళ్ల పిన్ని పిలిస్తే లోపలికి రానంటోంది. నువ్వు వచ్చి వెళ్లినప్పుడల్లా నాలుగు రోజులు జ్వరం. ఒక్క ఏడాది రాకు. ఏమీ పంపకు. నీకు దండం పెడతాను.’

అది చెడ్డ ఉత్తరం కాదు. నువ్వు రాసిందీ చెడ్డది కాదు. ఇద్దరూ ఒకే మాట అడిగారు. అందుకే రాలేదు.

ఏడాది తర్వాత ఎందుకు రాలేదని అడుగుతావు. దానికి జవాబు ఇంకా కాగితం మీదికి రావడం లేదు. బావ పోయిన సంగతి కూడా నాకు నెల దాటాక తెలిసింది. అప్పుడు రాయబోయి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

చక్రం పారేయండి. మేస్త్రీని పదకొండో నంబరు పక్కన కూర్చోబెట్టండి. నేను రాను.

మామయ్య

ఏప్రిల్ 2

మామయ్యా,

ఆ కుర్చీ బజార్లో కొన్నానని నాన్న చెప్పాడు.

అది నా దగ్గరే ఉంది. ఇన్ని ఇళ్లు మారాను, దాన్ని మాత్రం ఎక్కడా వదల్లేదు. ఇప్పుడు ఈ మేడ మీద గదిలో కిటికీ కింద పాత పేపర్లు పెట్టుకుంటున్నాను. నీ ఉత్తరం చదివి పేపర్లన్నీ కింద పడేసి, కుర్చీ తిరగేసి చూశాను. అడుగున మూలకి, పట్టీ రెండుసార్లు చుట్టి వెనక్కి దూర్చిన ముడి ఉంది. మేస్త్రీ చక్రం మీద కూడా అదే ముడి. ఆ చక్రాన్ని నా చేత్తోనే కట్టి, నా చేత్తోనే విప్పినదాన్ని, ఇంట్లో ఉన్నదాన్ని ఒక్కసారీ తిరగేసి చూడలేదు.

గుమ్మంలో అందులో కూర్చుని నీకోసమే చూసేదాన్ని. నువ్వు అల్లిన కుర్చీలో కూర్చుని, నువ్వు మరిచిపోయావని ఏడ్చేదాన్ని. ఎవరి మీద కోప్పడాలో తెలియడం లేదు. నాన్న లేడు. ఉన్నా ఏమంటాను? నలభై మూడుకి నేను చేసింది కూడా అదేగా.

చక్రం పారేయలేదు, బీరువాలో దాచాను. తూకం మెల్లగా ఎక్కుతోంది, తొమ్మిది వందల పది.

అన్నట్టు ఒక వార్త. ఈ చిలుకల్లో మగేదో ఆడేదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు, రక్తం పరీక్ష చేయాలి. ఫలితం వచ్చింది. మీ మేస్త్రీ ఆడపిల్ల.

పిడుగు

ఏప్రిల్ 15

పిడుగుకి,

ఇరవై రెండేళ్లు వాడు, వీడు, ఒరేయ్ అని పిలిచాను. ఒక్కరోజూ ఎదురు చెప్పలేదు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ మా వాడు మహా మొండి అని చెప్పాను. రెండో ఆడపిల్లని పెంచి, పెంచానని తెలియకుండానే పంపేశానన్నమాట. పక్క కొట్టు తాళాలాయనకి చెప్తే నవ్వలేక స్టూలు మీంచి కిందపడ్డాడు. నేనూ నవ్వాను, తర్వాత దగ్గొచ్చి ఆపేశాను.

ఇక నుంచి మేస్త్రమ్మ అను.

నీ సంతకం చూశాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మామయ్య

ఆగస్టు 11

మామయ్యా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మేస్త్రమ్మ ఛాతీ మీద ముళ్లలా కొత్త ఈకలు మొలిచాయని ఒకటి. పదకొండు పక్క కొమ్మ దాటి అదే కొమ్మ మీదికి వచ్చాడని ఇంకొకటి. ఇప్పుడు మూడోది. నిన్న ఆవిడ తల వంచి మెడ చూపించింది. పదకొండు ఆ మెడ మీద ఈకల్ని ఒక్కొక్కటిగా దువ్వాడు, పావుగంట. డాక్టరమ్మ, నేను దడి వెనక నుంచి చూశాం. ఈల వేయడం కూడా మానేసింది. ఈ మాట నీకు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

నువ్వెందుకు రాయడం లేదు? ఈల సంగతి ముందే ఎవరైనా చెప్పారా? లేక మళ్లీ మానేశావా? మానేస్తే మానేశానని ఒక కార్డు ముక్క రాసెయ్యి. గుమ్మంలో కూర్చునే ఓపిక నాకిప్పుడు లేదు.

పిడుగు

సెప్టెంబరు 5

పిడుగుకి,

మానలేదు. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాను. అందులో పద్దెనిమిది రోజులు ముక్కుకి గొట్టం. నీ ఉత్తరాలు కొట్టు తలుపు కింద నుంచి లోపలికి పడి ఉన్నాయి, ఇంటికొచ్చాక మూడూ వరసగా చదివాను. నీకు కబురు చేస్తానని తాళాలాయన అన్నాడు. నేనే వద్దన్నాను. ఉద్యోగం వదిలి పరిగెత్తుకొస్తావని భయం, రాకపోతే ఎలా అని ఇంకో భయం.

ఈల మానేసిందని రాశావు. మంచిదే. గుండె కాస్త కలుక్కుమంది, అబద్ధం ఎందుకు. అయినా మంచిదే. ఛాతీ డాక్టరు రోజూ వంద అడుగులు నడవమన్నాడు. నేను నూట యాభై నడుస్తున్నాను. మీ గేటు నుంచి ఆ దడి దాకా ఎన్ని అడుగులో రాయి.

మామయ్య

జనవరి 12

మామయ్యా,

గేటు నుంచి దడికి మూడు వందల అడుగులు, మధ్యలో రెండు బెంచీలు. ఏడాది పూర్తయింది. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఇరవయ్యో తేదీన రా.

పందిరికి ఎదురుగా చెక్క దడి ఉంటుంది, చూడ్డానికి వరసగా కంతలు పెట్టాం. ఎడమ నుంచి ఐదో కంత దగ్గర నిలబడు. పదింటికి నేను లోపల గిన్నెలు పెడుతుంటాను. దడి బయటే కాబట్టి రెక్కల పొడి నీ దాకా రాదు, అయినా ముక్కుకి గుడ్డ కట్టుకో. పిలవాలనిపిస్తే పిలవొచ్చని డాక్టరమ్మ అంది, ఆవిడ కూడా చూడాలనుకుంటోంది. నీ ఇష్టం.

పదకొండింటికి క్యాంటీన్‌లో కలుద్దాం. నీకు నా పోలిక తెలియకపోవచ్చు. రబ్బరు బూట్లు, బొప్పాయి మరకలు, గట్టి గొంతు. అదే నేను.

పిడుగు

జనవరి 21

పిడుగుకి,

నువ్వు కోపంగా ఉంటావు. పదకొండింటికి క్యాంటీన్ అన్నావు. నేను పదిన్నరకే బస్సెక్కేశాను.

ఐదో కంతలోంచి మీరిద్దరూ ఒకేసారి కనపడ్డారు. కొమ్మ మీద మేస్త్రమ్మ, పక్కన పదకొండు. ఛాతీ నిండా పసుపు ఈకలు, నా దగ్గర ఎప్పుడూ లేనంత నిండుగా. కింద నువ్వు. గిన్నె దగ్గర తోసుకుంటున్న ఒక పక్షిని ‘నీ వంతు వచ్చేదాకా ఆగలేవా’ అని కోప్పడ్డావు. అది నా మాట, అచ్చంగా నా గొంతు. పోలిక పట్టడానికి బూట్లు అక్కర్లేకపోయింది.

ఈల పెదాల మీదికి వచ్చింది. వేస్తే ఆవిడ తల తిప్పుతుందని తెలుసు. తిప్పాక ఏమవుతుందో కూడా తెలుసు. మింగేశాను.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్తాను. బావ అడిగిన ఏడాది పూర్తయిన మర్నాడు మీ బడికి వచ్చాను. ప్రహరీ బయట నిలబడ్డాను. నువ్వు నలుగురు పిల్లలతో తాడాట ఆడుతున్నావు. రెండు జడలు, కొత్త రిబ్బన్లు. నవ్వుతున్నావు. ఈల వేస్తే తాడు వదిలేసి పరిగెత్తుకొస్తావు, నేను వెళ్లాక మళ్లీ జ్వరం. వేయలేదు. తిరిగి వచ్చేశాను. ఆ తర్వాత ఏటికేడు సిగ్గు పెరిగింది, రావడం ఇంకా కష్టమైంది.

నిన్న కూడా దడి దగ్గర నుంచి కదిలేసరికి కాళ్లు వాటంతట అవే గేటు వైపు నడిచాయి. చిలుకని వదలాలని వచ్చి నిన్ను కూడా వదిలేసి పోతున్నానని బస్సు కదిలాక తెలిసింది. ఆపమని అడగడానికి ఊపిరి అందలేదు.

మామయ్య

జనవరి 27

మామయ్యా,

రెండు టీలు తెచ్చుకుని ఒంటిగంట దాకా కూర్చున్నాను. రెండూ చల్లారిపోయాయి. ముక్కుకి గుడ్డ కట్టుకున్న పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడని టికెట్లమ్మే ఆవిడ చెప్పింది. బూట్లతోనే బస్టాపు దాకా పరిగెత్తాను.

చిలుకకి చెప్పినా అర్థం కాదు. అందుకే దానికి దడి కట్టాం. నాకు అప్పుడు ఏడేళ్లు, చెప్తే అర్థమయ్యేది. ఏడాది రాను, తర్వాత వస్తాను అని ఉంటే రోజులు లెక్కపెట్టుకుని కూర్చునేదాన్ని. నాన్నా చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఇద్దరూ నా మంచి కోరి నన్ను చిలుకని చేశారు. ఆ రోజు నేను నవ్వుతున్నానని రాశావు. తాడాటలో అందరూ నవ్వుతారు మామయ్యా. నువ్వు ఈల వేయాల్సింది. జ్వరమొస్తే వచ్చేది.

మేస్త్రమ్మని పిలవలేదు, అది నువ్వు దానికి చేసిన మేలు. నాకు ఆ మేలు వద్దు.

నిన్న కోపంలో ఇంటికొచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. ముప్ఫై దాటినదాన్ని, చిన్నపిల్ల కుర్చీ. అడుగు ఊడి కిందపడ్డాను. నీ ముడి మాత్రం అలాగే ఉంది, చుట్టూ అల్లికంతా తెగిపోయింది. పార్శిల్ చేయను. వచ్చి అల్లు. పని నుంచి రాగానే తలస్నానం చేసి బట్టలు మార్చుకుంటాను, గదిలో ఈక ముక్క కూడా ఉండదు. కేంద్రం వెనక వీధిలోనే నా గది, మెట్లు పదహారు. మధ్యలో కూర్చోవడానికి స్టూలు వేస్తాను.

పిడుగు

ఫిబ్రవరి 1

పిడుగుకి,

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. పేము నేను తెస్తాను. నువ్వు వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పట్టి ఉంచు, పట్టీలు గంటసేపు నానాలి. తెగిన అల్లిక పారేయకు, కొలతకి కావాలి. అల్లేటప్పుడు నువ్వు పక్కన కూర్చో. పట్టీ ఎక్కడ వదులైందో చెప్పడానికి నాకిప్పుడు మేస్త్రీ లేదు.

ఇంటి నంబరు రాయడం మరిచిపోయావు. అక్కర్లేదు. వీధి మొదట్లో నిలబడి ఈల వేస్తాను. ఆయాసం వల్ల మునుపటంత గట్టిగా రాదు, కిటికీ తెరిచి ఉంచు. వినపడకపోతే మళ్లీ వేస్తాను. నువ్వు కిందికి వచ్చేదాకా వేస్తూనే ఉంటాను.

మామయ్య